భోంచేసిన గడువు

కొప్పిశెట్టి ప్రసూన ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన గడువు మార్చి పద్దెనిమిదో తారీఖు పొద్దున్న ఏడుంబావుకి మండపేటలో వాళ్ళింటి గేటు ముందుకొచ్చి, ముఖం తుడుచుకుని, "అమ్మాయిగారున్నారాండీ?" అని అడిగాడు. చెప్పిన రోజుకి మనిషి రూపంలో రావడం గడువుల పద్ధతి కాబట్టి వీధిలో ఎవరూ తలెత్తి చూడలేదు. ఎదురింటావిడ మాత్రం ముగ్గు వేస్తూ, "ప్రాజెక్టు తాలూకాండీ?" అని అడిగి, ఆయన తలూపితే కాస్త పక్కకి జరిగి మళ్ళీ ముగ్గులో పడింది.

ఈ ఏర్పాటు ప్రభుత్వ ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ప్రసూన చదివే శ్రీ విద్యాధరి డిగ్రీ కళాశాలకి మాత్రం కిందటి జూన్‌లో వచ్చింది. 'కార్యసాధిని' అని ఒక సాఫ్ట్‌వేర్. తెర మీద ఒక బోర్డు ఉంటుంది, దానికి మూడు వరసలు: చేయవలసినవి, చేస్తున్నవి, చేసినవి. ప్రతి పనికీ ఒక కార్డు, ప్రతి కార్డుకీ ఒక తారీఖు. విద్యార్థి ఏ తారీఖు వేసుకుంటే ఆ తారీఖు ఆ రోజు ఇంటికొస్తాడు. ల్యాబ్ రికార్డుల గడువులు కుర్రాళ్ళు, మోపెడ్ల మీద వస్తారు. అసైన్‌మెంట్ల గడువులు ముగ్గురేసి ఒకే ఆటోలో దిగుతారు. పరీక్ష దరఖాస్తు గడువుకి గుబురు మీసం, మాట్లాడడు. పని చేతికిస్తే సంతకం పెట్టి తీసుకుంటారు, కార్డు మూడో వరసలోకి జరుగుతుంది, వాళ్ళు సందు మలుపు దాకా నడిచి అక్కడ ముగిసిపోతారు. ముగిసిపోవడమంటే చచ్చిపోవడమని కాదు, పోనీ ఎక్కడో బతికుండడమనీ కాదు. ఉండరు, అంతే. పని కాకపోతే సాయంత్రం అయిదింటిదాకా గేటు దగ్గర నిలబడి, 'కాలేదు' అని రాసుకుని, అదే మలుపు దగ్గర ముగుస్తారు. ఇందులో ఎవరికీ దుఃఖం లేదు. గడువులతో పరిచయం పెంచుకునేంత తీరిక ఎవరికుంది?

ప్రసూనకి ఆ బోర్డంటే పంచప్రాణాలు. ఆమె ప్రాజెక్టు, మండపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో ఆకుల రసం పీల్చే తెల్లదోమ. దాన్ని నలభై ఒక్క కార్డులుగా విడగొట్టింది. తోటలకి ఆకుపచ్చ, పుస్తకాలకి నీలం, గైడు సంతకాలకి ఎరుపు. ఏ కార్డు అయ్యాక ఏ కార్డు మొదలవ్వాలో బాణం గుర్తులు వేసింది. ఒక వారమంతా రంగులు మార్చింది. ఇంకో వారం బాణాలు సరిచేసింది. అంత చక్కటి బోర్డు కాలేజీ మొత్తంలో లేదు. పని చేయడం ఒక్కటే మిగిలిపోయింది, పాపం, దానిక్కూడా ఒక కార్డు ఉంది.

ఆమె చేసిన అసలు అమాయకపు పని వేరే ఉంది. కాలేజీవాళ్ళు మొదట చెప్పిన తారీఖునే నిజమనుకుని కార్డు మీద వేసింది. ఆ కాలేజీలో ఏ గడువైనా కనీసం ఒకసారి వాయిదా పడుతుందని గోడలకి కూడా తెలుసు. క్లాసులో అరవైమూడు మంది ఉంటే, మిగతా అరవైరెండు మందీ రాబోయే వాయిదాని ఊహించుకుని ముందే నెలాఖరు తారీఖు వేసుకున్నారు. "పద్దెనిమిదేంటే బాబూ! దాన్ని ప్రిన్సిపాలుగారే నమ్మరు," అన్నాడు క్లాసు లీడరు లోవరాజు. అందుకే మండపేట మొత్తం మీద మార్చి పద్దెనిమిది ఒక్క ప్రసూన ఇంటికే వచ్చాడు. ఆమె నమ్మింది కాబట్టి ఉన్నాడు.

అరవై ఏళ్ళుంటాయేమో. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కళ్ళజోడు, చేతిలో సంతకాల పుస్తకం.

"సారీ అంకుల్, ఇంకా రెండు చాప్టర్లు కాలేదు," అంది ప్రసూన.

"ఫరవాలేదమ్మా. అయిదింటిదాకా ఇక్కడే నుంచుంటాను. నువ్వు చేసుకో," అన్నాడాయన, సందులో పడని నీడ కోసం అటూ ఇటూ చూస్తూ.

పదకొండయ్యేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ప్రసూన తల్లి ధనకుమారి కిటికీలోంచి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో నా తల్లీ! అంత పెద్దాయన్ని ఎండలో నుంచోబెట్టి నువ్వు ఫ్యాను కింద కూర్చుని రాసుకుంటున్నావా? చదువుకున్నదానివేనా?" అని కూతుర్ని కడిగేసి, గేటు తీసి, "లోపలికి రండి అన్నయ్యగారూ, కాళ్ళు కడుక్కోండి, అన్నం వడ్డించేత్తాను," అంది. గడువులను గేటు దాటనివ్వరాదని, ఎట్టి పరిస్థితిలోనూ భోజనం పెట్టరాదని కాలేజీ సర్క్యులర్‌లో పదకొండో అంశం. ధనకుమారి సర్క్యులర్లు చదవదు. చదివినా, ఇంటికొచ్చిన మనిషిని పస్తుంచమనే కాగితాన్ని ఆవిడ పొయ్యిలో పెట్టి ఉండేది.

ఆయన పీట మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న నిమిషానికి బోర్డు మీద నాలుగో వరస ఒకటి దానంతటదే పుట్టింది. పసుపు రంగు. దాని పేరు 'ఇంట్లో ఉన్నవి'. ప్రాజెక్టు కార్డు వెళ్ళి అందులో కూర్చుంది. ఇంకో అరగంటకి కాలేజీవాళ్ళు గడువుని ఇరవై ఎనిమిదికి వాయిదా వేసినట్టు మెసేజీ వచ్చింది. అప్పటికాయన పెరుగన్నంలో ఉన్నాడు. సాయంత్రం అయిదైంది, సందు మలుపు దాకా వెళ్ళాడు, ముగియలేదు. మొహమాటంగా వెనక్కొచ్చి, "ఏంటో అమ్మా, అవ్వట్లేదు," అన్నాడు.

మర్నాడు ప్రసూన కాలేజీలో గడువుల విభాగానికి వెళ్ళింది. గుమాస్తా అబ్బులుగారు ఫారం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

"గేటు దాటనిచ్చారా?"

"ఎండగా ఉందని అమ్మ రమ్మందండి."

"మంచినీళ్ళు?"

"ఇచ్చామండి."

"మంచినీళ్ళకి ఫరవాలేదు. మజ్జిగ దాకా మేమూ చూసీచూడనట్టు పోతాం. అన్నం పెట్టారా?"

ప్రసూన తలొంచుకుంది.

"ఏం కూర?"

"పనసపొట్టండి. ఆవ పెట్టి."

అబ్బులుగారు కలం కింద పెట్టేశాడు. "మారు వడ్డించారా?"

"ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టారండి. అయినా వేసింది అమ్మ."

"అయితే ఇంక నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు అబ్బులుగారు. తరవాత నిబంధన చదివి వినిపించాడు. భోంచేసిన గడువుకి వాయిదాలు వర్తించవు. పని పూర్తిచేసి ఇచ్చిననాడే ముగుస్తాడు. ఈయనకిచ్చినా ఒకటే, ఇరవై ఎనిమిదిన వచ్చే కొత్త గడువుకి ఇచ్చినా ఒకటే, కార్డు మూడో వరసకి వెళ్ళగానే ఆ కార్డు మీద ఉన్న గడువులందరూ పోతారు. ఇరవై ఎనిమిది సాయంత్రం అయిదు దాటితే మాత్రం ప్రసూన పేరు ఈ ఏడాది యూనివర్సిటీ జాబితాలో ఉండదు. డిగ్రీ ఉండదు, కాకినాడలో వచ్చిన ఎమ్మెస్సీ సీటూ ఉండదు.

"ఇవ్వకపోతే ఆయన ఏమవుతారండి?"

"ఏమవుతారు, ఉంటారు. మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు. మేడ మీద గది ప్లాను మునిసిపాలిటీకి ఇవ్వాల్సిన గడువు. తొమ్మిదేళ్ళయింది. మా ఆవిడకి దీపారాధన వత్తులు చేసిపెడతాడు. మంచి మనిషి," అని ఫారం మీద 'నివాసి' అని ముద్ర కొట్టి ఇచ్చాడు అబ్బులుగారు.

అలా పద్దెనిమిదిగారు కొప్పిశెట్టివారి ఇంట్లో ఉండిపోయాడు. పద్దెనిమిదో తారీఖు కోసమే పుట్టిన మనిషి కదా, పంతొమ్మిది పొద్దున్న పెరట్లో నిలబడి తెల్లారడం చూస్తూ, "ఇదేనా అమ్మా పంతొమ్మిది? ఇలా ఉంటుందా?" అని అడిగాడట. ఇరవయ్యో తారీఖు చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు. ఇరవై ఒకటిన వాన పడితే చెయ్యి చాపి అలాగే నుంచున్నాడు. ధనకుమారి లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి అన్నదమ్ముల్లేరు. పెళ్ళయిన పాతికేళ్ళకి ఇంట్లో 'అన్నయ్యా' అని పిలవడానికి ఒక మనిషి దొరికాడు. ఆ లెక్కన ప్రసూన కూడా 'అంకుల్' మానేసి 'మావయ్యా' అంటోంది.

ప్రసూన తండ్రి తాతాజీ టైలరు. ఇంటి ముందు గదే కొట్టు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో చెప్పిన రోజుకి జాకెట్టు ఇచ్చిన పాపాన పోలేదు. కొట్టులో ఊరికే కూర్చోలేక పద్దెనిమిదిగారు కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు. ఎవరైనా, "ఎప్పుడిస్తావు తాతాజీ?" అని అడిగితే, "శుక్రవారం రండమ్మా, కుట్టేత్తాను," అని తాతాజీ అలవాటుగా అనేసేవాడు. ఆ మాట గాల్లో ఉండగానే పద్దెనిమిదిగారు కళ్ళజోడు సర్దుకుని ఆయన కేసి చూసేవాడు. ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. శుక్రవారానికి జాకెట్టు తయారు. ఊళ్ళో ఆడవాళ్ళు కంగారుపడిపోయారు. ఒకావిడైతే జాకెట్టు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయి, "నాలుగు తిట్టి పోదామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటా వచ్చాను, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని నిలదీసింది. తాతాజీ క్షమాపణ చెప్పుకున్నాడు.

రోజూ పొద్దున్న ఏడుంబావుకి మాత్రం ఆయన ప్రసూన దగ్గరకొచ్చి, "అయిందామ్మా?" అని అడిగేవాడు. అది ఆయన ఉద్యోగధర్మం. "ఇంకా లేదు మావయ్యా," అనేది. "మరి పద," అని గొడుగు తీసేవాడు. ఇద్దరూ తోటలకి పోయేవారు. ప్రసూన ఆకులు తిరగేసి తెల్లదోమని లెక్కపెడుతుంటే, ఆయన ఎండ ఆమె మీద పడకుండా గొడుగు పట్టుకుని ఆమె చెప్పిన అంకెలు రాసుకునేవాడు. ఒకసారి అంకె తప్పు చెబితే, "మళ్ళీ లెక్కపెట్టమ్మా, తొందరేం లేదు," అన్నాడు. ఆ వెంటనే తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తెల్లబోయాడు.

బాణాలూ రంగులూ ఏవీ చేయలేని పనిని గొడుగు చేసింది. ఇరవై అయిదుకల్లా రిపోర్టు అయిపోయింది. అట్టమీద బంగారు అక్షరాలతో బైండు కూడా చేయించింది. గైడు సంతకం ఒక్కటే మిగిలింది. ప్రసూన ఆ పుస్తకం పట్టుకుని బోటనీ లెక్చరరు వసంతకుమారి మేడం ఇంటికెళ్ళింది.

వరండాలో ఒక ముసలాయన ఈజీచైరులో కూర్చుని ఉన్నాడు. చూపు ఆనదు. అడుగుల చప్పుడు వినగానే ఆశగా మెడ చాపి, "అయిందా?" అన్నాడు.

"రేపండి," అంది మేడం వంటింట్లోంచి, అలవాటైన గొంతుతో. ఆయన సరేనని మళ్ళీ వెనక్కి వాలాడు.

"నా పీహెచ్‌డీ గడువు," అంది మేడం ప్రసూనతో, సంతకాలు పెడుతూ. "పదకొండేళ్ళ కిందట వచ్చారు. అప్పుడు మా బాబు చంటివాడు. ఏడుస్తుంటే ఈయన ఎత్తుకున్నారు. మా అత్తగారు భోజనానికి లేపారు. అంతే."

"మరి థీసిస్సు రాయలేదా మేడం?"

"రాయకేం. అటకమీద ఉంది. బైండు చేసి. అయిదు కాపీలు." చివరి సంతకం పెట్టి, సిరా ఆరాలని పుస్తకం తెరిచే ఉంచింది. "ఇవ్వొద్దని ఎవరూ అనలేదు సుమా. మావారు చాలా మంచివారు, ఎప్పుడిస్తావు అని ఇప్పటికీ అడుగుతారు. నేనే, పిల్లాడి పరీక్షలు కానీ, అత్తగారి ఆపరేషన్ కానీ అనుకుంటూ... ఈయనా ఇంటికి అలవాటైపోయారు. మీది కూడా భోంచేశారటగా?"

"ఆయ్," అంది ప్రసూన. పుస్తకం గుండెకి హత్తుకుని ఇంటికొచ్చేసింది.

ఇంట్లో నిజంగానే ఎవరూ వద్దనలేదు. తాతాజీ పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట కుట్టు బలంగా ఉందో లేదో చూసి, "మా ప్రసూన పుస్తకం రాసిందంటే రాసిందే," అని పొంగిపోయాడు. తరవాత మిషన్ దగ్గరకెళ్ళి, దారం లేకుండానే కాసేపు తొక్కాడు. ధనకుమారి పుస్తకానికి పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టింది. "ఇచ్చెయ్యవే. కష్టపడి చేశావు, ఇచ్చెయ్యి. నేనేమన్నా అడ్డమా?" అంది. చీరకొంగుతో తన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇచ్చేత్తే అన్నయ్యగారూ వెళ్ళిపోతారు, జూన్‌లో కాకినాడకి నువ్వూ వెళ్ళిపోతావు. ఇల్లు ఎంత చల్లగా అయిపోతుందో," అంది. మళ్ళీ వెంటనే, "నా మాటకేంలే. నువ్విచ్చెయ్యి," అంది. అమ్మ నిజంగా ఆ మాటా అంది, ఈ మాటా అంది. ప్రసూనకి రెండూ వినబడ్డాయి.

ఇరవై ఎనిమిదో తారీఖు తొమ్మిదింటికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గంజిపెట్టిన నేత చీర, చేతికి వాచీ. గేటు బయటే నిలబడి, "నాకు మంచినీళ్ళు కూడా వద్దండి, మీ ఇంటి సంగతి మావాళ్ళు చెప్పారు," అని ముందే చెప్పేసింది.

ఆ పొద్దున్న ఏడుంబావుకి ప్రసూన తలస్నానం చేసి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కొట్టుగదిలో కూర్చుంది. పద్దెనిమిదిగారు 'అయిందామ్మా' అని అడిగితే ఇచ్చేయాలని నిర్ణయించుకుంది. ఆయన చేతికే ఇవ్వాలి, మలుపు దాకా తను తోడు వెళ్ళాలి, ఏడిస్తే అక్కడే ఏడవాలి. ఇదంతా రాత్రే బోర్డు మీద మూడు కార్డులుగా రాసుకుంది కూడా. ఏడుంబావు అయింది. ఏడున్నర అయింది. ఆయన కాజా కుడుతున్నాడు. సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. ఎనిమిదైంది. తొమ్మిదింటికి గేటు దగ్గర మాట వినబడినా తల ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటింది. ప్రసూనకి ఒళ్ళో పుస్తకం బరువెక్కింది. ఆయన అడిగితే చాలు. ఒక్క మాట. తనంతట తాను లేచి ఇచ్చేసే ధైర్యం ఆమెకి లేదు, ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసని ఆమెకి తెలుసు. నాలుగున్నరకి ఆగలేక పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"మావయ్యా, ఇవాళ మీరు నన్నేమీ అడగలేదు."

పద్దెనిమిదిగారు సూది పక్కన పెట్టాడు. పుస్తకం మీద బంగారు అక్షరాలని వేలితో తడుముతూ మెల్లగా చదివాడు. గేటు బయట నిలబడ్డావిడ కేసి చూశాడు. ధనకుమారి ఆరేసిన బట్టలు మడతపెడుతున్న పెరటి కేసి చూశాడు. ఆయన పెదవులు ఆ మాట కోసం కదిలాయి కూడా. "రేపు ముప్ఫై ఒకటి ఉంటుందటగా అమ్మా ఈ నెల్లో? నేను చూడనే లేదు," అన్నాడు చివరికి, తప్పు చేసిన పిల్లాడిలా. ఆ తరవాత పుస్తకాన్ని జాగ్రత్తగా ఆమె వైపు జరిపి, సూది అందుకున్నాడు.

"రేపు కాదు మావయ్యా, రేపు ఇరవై తొమ్మిది," అంది ప్రసూన.

"అదీ చూద్దాం," అన్నాడాయన.

అయిదుకి అయిదు నిమిషాలుండగా ప్రసూన గేటు దగ్గరకెళ్ళింది.

"అయిందాండీ?" అని అడిగింది ఇరవై ఎనిమిది.

"ఇంకా కాలేదండి."

"చంకలో ఉన్నదేంటండి?"

"చిత్తుప్రతండి. ఇంకా చూసుకోవాలి."

ఆవిడ బంగారు అక్షరాలు చూసింది, ప్రసూన ముఖం చూసింది. ఇలాంటి ఇళ్ళ సంగతి ముందే విని ఉందేమో, 'కాలేదు' అని రాసుకుంది. వాచీ చూసుకుని, సందు మలుపు దాకా నడిచి, ముగిసింది. ప్రసూన స్టూలు వేసుకుని పుస్తకాన్ని అటకెక్కించింది. స్టూలు కదలకుండా తాతాజీ కింద పట్టుకున్నాడు.

జూన్‌లో అరవైరెండు మందికీ డిగ్రీలొచ్చాయి. లోవరాజు రిపోర్టులో తోటల పేర్లన్నీ నాలుగేళ్ళ కిందటి సీనియర్వి, అతనికి డెబ్భై ఎనిమిది శాతం వచ్చింది. కాకినాడ సీటు ఇంకెవరికో ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ధనకుమారి ఆ ఉత్తరం చూసి పెద్దగా ఏడ్చింది, దొంగేడుపు కాదు. ఆ సాయంత్రం అందరూ పెరట్లో మంచాలు వేసుకుని కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. ఆ ఇంట్లో అంత సంతోషంగా గడిచిన సాయంత్రాలు తక్కువ.

శ్రావణమాసానికి కొట్టులో పని పెరిగింది. పద్దెనిమిదిగారు కాజాలు కుడుతుంటే పక్కనే ప్రసూన హుక్కులు వేస్తోంది. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికొచ్చిన హైస్కూలు టీచరుగారు ఆమెని గుర్తుపట్టి, "ఏమ్మా, డిగ్రీ అయిపోయిందా?" అని పలకరించింది.

"లేదండి. ప్రాజెక్టు ఒక్కటి ఉండిపోయింది. చేస్తున్నానండి."

"చేసుకో, నిదానంగా చేసుకో. ఇంటిపట్టునే ఉన్నావు, అమ్మకి సాయం, నాన్నకి సాయం. ఆడపిల్లవి, నీకంత తొందరేం వచ్చింది?" అని ఆప్యాయంగా బుగ్గ పుణికి వెళ్ళిపోయింది.

ప్రసూన ఆలోచించి చూసుకుంది. నిజంగానే ఏ తొందరా కనబడలేదు. డబ్బాలోంచి ఇంకో హుక్కు తీసుకుంది.